పిన్ని ఏరి ఇచ్చిన పుస్తకాలు

మొన్న మా తమ్ముడి మనవరాలు ఉద్యోగ శిక్షణకని ఢిల్లీ బయల్దేరుతూ, పులివెందులలో నేనొక్కదాన్నే ఉంటున్న ఇంటికి చెప్పిపోవడానికి వచ్చింది. రైల్లో రెండు రోజులు కూర్చోవాలి కదా జేజీ, చదువుకునేదానికి మంచి పుస్తకాలు చెప్పమంది. నేను అలమారా ముందు నిలబడి ఒక్కొక్కటే తీసి చూస్తుంటే నవ్వి, పేర్లు చెబితే చాలు, ఫోన్లో దించుకుంటానంది. తోచిన రెండు పేర్లు చెప్పాను, వెళ్ళిపోయింది. ఆ పొద్దంతా నాకు ఇంకే పనీ తోచలేదు. దూరప్రయాణానికి పుస్తకాలు ఎంచుకోవడం ఒకప్పుడు మాకు రెండు రోజుల పని. ఆ పని నేర్పిన మనిషి గురించి నా ఈడువాళ్ళకైనా చెప్పుకోవాలనిపించింది.

మాది గండికోట దగ్గర గొర్రెలు మేపుకొని బతికిన ఇల్లు. ఇప్పుడు ఆదివారమొస్తే కార్లు బారులు తీరే ఆ గుట్టల మీద, మా నాయన మందను తోలుకొని ఎండకు ఎండి వానకు తడిసేవాడు. అయిదో తరగతి అయినాక పైచదువుకని నన్ను జమ్మలమడుగులో టీచరుగా ఉన్న పిన్ని దగ్గర వదిలారు. పిన్ని మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే చిన్నాయన పోతే, మళ్ళీ పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వకుండా చదువుకొని, ఉద్యోగం తెచ్చుకొని, ఒక గదీ వంటిల్లూ ఉన్న అద్దె ఇంట్లో ఒంటిగా ఉండేది. నేను చేరినాక ఆమెకు నేను, నాకు ఆమె. రాత కుదరని రోజున పేజీ చింపించి మళ్ళీ రాయించేది గానీ, గట్టిగా ఒక్క మాట అన్నది నాకు గుర్తు లేదు.

కర్నూలులో నర్సు చదువు ముగించేసరికి, అస్సాంలో ఒక తేయాకు తోటల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరూ అంత దూరమా అన్నారు, పిన్ని తప్ప. ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసు, మద్రాసు నుంచి హౌరా, అక్కడి నుంచి ఇంకా పైకి. అంతా కలిసి నాలుగు రోజుల దారి. నా ఇనప్పెట్టెలో చీరల కింద సగం జాగా పుస్తకాలకని ఆమే వదిలిపెట్టి, మరుసటి రోజు పొద్దున్నే నన్ను ప్రొద్దుటూరు బస్సెక్కించింది.

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వెనక సందులో ఒక పుస్తకాల అంగడి ఉండేది. కొత్తవీ పాతవీ కలిపి నేల మీది నుంచి పైకప్పు దాకా పేర్చి, మధ్యలో ఒక సాయిబు తాత కూర్చొని పొట్లాలు కట్టుకుంటూ ఉండేవాడు. పిన్ని అట్ట చూసి పుస్తకం కొనేది కాదు. నడిమి పేజీ ఏదో ఒకటి విప్పి పైకి చదివేది. ఆ చదువుకు తాత చేతిలోని పురికొస ఆగిపోతే ఆ పుస్తకం తీసుకునేది, ఆగకపోతే ఉన్నచోటే పెట్టేసేది. బయల్దేరిన రోజుకు మనుషులు మస్తుగా ఉండే లావు నవల కావాలి, ఇల్లు వదిలిన దిగులులో చుట్టూ జనం ఉంటే మంచిదనేది. రెండో రోజుకు నవ్వించేది. చివరి రోజుకు ముందే చదివిన పుస్తకం, ఎందుకంటే కొత్త ఊరు చేరబోయే ముందు తెలిసిన ముఖం ఒకటి కనబడాలట. తిండి గురించి ఎక్కువ రాసిన పుస్తకం మాత్రం రైల్లోకి వద్దనేది. రైలు అన్నం తింటూ అది చదివితే ఏడుపొస్తుందని. ఆ మాట నిజమని రెండో ప్రయాణంలోనే తెలిసింది.

నా మూడో ప్రయాణం నుంచి ఆ లావు నవల మాత్రం రెండు కాపీలు తీసుకోవడం మొదలుపెట్టింది, నాకొకటి, తనకొకటి. నేను ఎర్రగుంట్లలో మొదటి పేజీ తిప్పేసరికి తాను జమ్మలమడుగులో మొదటి పేజీ తిప్పేది. ఈపాటికి నెల్లూరు దాటి ఉంటుంది, యాభయ్యో పేజీలో ఉంటుంది అని లెక్క వేసుకుంటూ బడి నుంచి వచ్చి చదివేదని ఉత్తరాల్లో రాసేది. నేను చేరి రాసిన ఉత్తరమూ, ఆమె రాసిన ఉత్తరమూ ఆ కథలోని మనుషుల గురించే ఉండేవి. వాళ్ళు మా ఇద్దరికీ బంధువులైనట్టు, ఫలానావాడు అట్లా చేయకుండా ఉండాల్సిందని వాదించుకునేవాళ్ళం. అక్కడ నా భాష మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఉత్తరాలే నాకు మాట.

అయిదో ఏడు సెలవు ముగించుకొని వెళ్ళేటప్పుడు, ఒక పడవ నడిపేవాడి కుటుంబం కథ తీసుకుంది. కొత్త కాపీ నాకిచ్చి పాతది తానుంచుకుంది. ఆసారి మద్రాసులో మా ఆసుపత్రి నర్సులు ఇద్దరు, కేరళ పిల్లలు, అదే బోగీలో ఎక్కారు. మూడు రోజులూ వచ్చీరాని భాషల్లో కబుర్లు, పేకాట, నవ్వులు. పుస్తకం పెట్టెలోంచి బయటికే రాలేదు. చేరిన కొన్నాళ్ళకు కథ ఎట్లుందని పిన్ని ఉత్తరం వచ్చింది. చదవలేదంటే చిన్నబుచ్చుకుంటుందని, మొదటి పేజీలు కొన్ని తిరగేసి, చాలా బాగుంది, చివరికొచ్చేసరికి కన్నీళ్ళు ఆగలేదని రాసి పోస్టు చేశాను.

ఆ ఉత్తరం వేసిన నాలుగో రోజున పిన్ని నుంచి లావు కవరొకటి వచ్చింది. లోపల నోటుపుస్తకం కాగితాల మీద ఆమె గుండ్రటి అక్షరాలు. మీద ఒక చీటీ: "ఆ కొత్త కాపీల్లో చివరి పదహారు పేజీలు కుట్టకుండానే అట్ట వేసినారంట, తాత నిన్న చెప్పినాడు. కత యాడికో పోయి తెగిపోతే నీకు శానా కష్టంగా ఉంటాది. నా దాంట్లోవి రాసి పంపిస్తాండా."

నేను పెట్టె తెరిచి చూశాను. పుస్తకం నిజంగానే వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది. లేని చివరిని చదివి ఏడ్చానని నేను రాసిన ఉత్తరం అప్పటికి దారిలో ఉంది, దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. ఆ వారంలో డ్యూటీ లేని పూటలన్నీ కూర్చొని నవల మొత్తం చదివాను. పడవవాడి కూతురు ఏరు దాటి ఎక్కడెక్కడో తిరిగి, చివరికి పడవెక్కి తన గట్టుకే వచ్చేస్తుంది. ఇంట్లో ముసలామె ఏమీ అడక్కుండా అన్నం తిన్నావా అంటుంది. అప్పుడు నిజంగానే ఏడ్చాను, కానీ ఆ మాట మళ్ళీ రాయడానికి ముఖం చెల్లలేదు.

పిన్ని ఉత్తరాలు రావడం మానలేదు. వాన పడింది, పక్కింటి ఆవు ఈనింది, బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పుస్తకాల ఊసు మాత్రం లేదు. ఏడాది తర్వాత సెలవులో వచ్చి, ఒక సాయంత్రం ఆమె శెనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చొని, నేను ఆ నవల రైల్లో చదవలేదని చెప్పేశాను.

"తెలుసులేమ్మా," అంది, చేట మీది నుంచి తల ఎత్తకుండా. "చదవకుంటే ఏమాయ. చదివినానని ఏంటికి రాసినావు?"

"నువ్వు బాధపడతావని."

"నువ్వు రైల్లో ఒక్కదానివే దిగులుపడతాంటావని నేనీడ కూచోని నీతోపాటు చదువుతాంటి. నువ్వు నవ్వుకుంటా పోయినావంటే నాకు మంచిదే కదా. ఆ మాటే రాసింటే సంతోషపడతాంటి." ఇంకో కాయ ఒలిచి, "ఆసారి ఒంటిగా ఉండింది నేనన్నమాట," అంది.

నేనూ గుప్పెడు కాయలు తీసుకొని ఒలవసాగాను. కాసేపటికి ఆమే, ఆ కడపటి పేజీలు చదివినావా అనడిగింది. చదివాను పిన్నీ, ఆ పిల్ల ఇంటికి రావడం బాగుంది అన్నాను. ఊఁ అని, ఒలిచిన గింజలు పక్కకు జరుపుకుంది.

ఆ తర్వాత కూడా ప్రతి సెలవుకూ ప్రొద్దుటూరు వెళ్ళాం, తాత ముందు కూర్చొని పైకి చదివింది, నాకు ఏరి ఇచ్చింది. రెండో కాపీ మాత్రం తీసుకోలేదు. కళ్ళు సరిగా ఆనడం లేదులే అనేది. రోజూ పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి.

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుండగా పిన్ని పోయింది. నాలుగు రోజుల దారి దాటి నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఇల్లు ఖాళీ చేయాలని పుస్తకాలు సర్దుతుంటే ఆ నవల పాత కాపీ దొరికింది. ఊరికే చివరి పేజీలు చదివాను. అచ్చులో పడవవాడి కూతురు అవతలి గట్టు మీదే నిలబడి, ఇటువైపు తన ఇంట్లో దీపం చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. పడవ కట్టుతాడు విప్పనే విప్పరు. అంతే, అక్కడితో కథ అయిపోతుంది. పడవెక్కి రావడం, ముసలామె అన్నం తిన్నావా అనడం, చివరి రెండు పేజీలూ పిన్ని సొంతంగా రాసినవి. ఎంత నేర్పుగా అతికిందంటే, ఇన్నేళ్ళూ అవి వేరే చెయ్యి రాసిన మాటలని నాకు అనుమానమే రాలేదు.

ఇప్పుడు అస్సాంకు విమానంలో ఒక పూట ప్రయాణమట. ఈ కాలం పిల్లలూ పెద్దలూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్లో ముఖాలు చూసుకుంటూ, ఎప్పుడొస్తావు, ఇంక ఆ ఉద్యోగం చాలించి వచ్చెయ్ అని ఎంత సులువుగా అడుగుతారో వింటుంటే నాకు ఆశ్చర్యమేస్తుంది. మా ఇళ్ళల్లో ఆ మాట ఎవరికీ నోటికి వచ్చేది కాదు. పిన్ని ఆ రెండు పేజీల్లో కాకుండా నోరు తెరిచి రమ్మని అడిగి ఉంటే వచ్చేదాన్నా అని చాలాసార్లు ఆలోచించాను. నిజం చెప్పాలంటే, వచ్చేదాన్ని కాదేమో. కానీ అడిగిందని నాకు తెలిసి ఉండేది, రాలేనని చెప్పడానికైనా ఆమె పక్కన ఇంకో సాయంత్రం కూర్చునేదాన్ని.