మొదటి వరుసలో మూసిన ఆసుపత్రి

ఆ వానాకాలమంతా తెలియని నంబరు నుంచి ఫోను వస్తే చేస్తున్న పని అక్కడే వదిలేసి ఎత్తేదాన్ని. మోగేది నా ఫోనే, కానీ అవతలివాళ్లు చేసేది నాకు కాదు, ఒక ఆసుపత్రికి. ఆ ఆసుపత్రికి తాళం పడి అప్పటికే చాలా రోజులైంది.

నేను వైరాలో ఉంటాను. ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లకు లింకులు కట్టడం నా పని. ఫోనులో ఏదైనా వెతికితే లెక్కలేనన్ని పేజీలు వస్తాయి, జనం చూసేది మాత్రం పైనున్న రెండు మూడే. ఏది పైన ఉండాలో యంత్రం తేల్చే పద్ధతుల్లో ఒకటి, ఆ పేజీని వేరే సైట్లు ఎన్ని చూపిస్తున్నాయి, ఎలాంటివి చూపిస్తున్నాయి అన్నది. అలా చూపించే లింకులు సంపాదించి పెడతాను. సాఫ్ట్‌వేరుతో ఒక్క పూటలో గుట్టలుగా వేయించేవాళ్లున్నారు. అవి దొంగ లింకులని తేలితే పేజీ అడుక్కి పోతుంది. నేను ఒక్కొక్కటీ చేత్తో కడతాను. సైటు నడిపే మనిషిని వెతికి, ఉత్తరం రాసి, అతనికి పనికొచ్చే వ్యాసం ఒకటి రాసిచ్చి, అందులో ఒక లింకు పెట్టమని అడుగుతాను.

పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మకు ఈ పనేమిటో అర్థం కాలేదు. మా సంఘంలో ఆదివారం పిల్లలకు వాక్యం నేర్పేది నేనే కాబట్టి ఆ దారినే చెప్పాను. తన గురించి తాను చెప్పుకుంటే సాక్ష్యం కాదు, ఇద్దరు ముగ్గురు లేచి చెబితేనే మాట నిలుస్తుంది, నేను వెబ్‌సైట్లకు సాక్షులను వెతుకుతాను అన్నాను.

"అబద్ధపు సాక్షులైతే కాదు గద బిడ్డా?"

"కాదు అత్తమ్మా."

"అయితే చేసుకో."

మా సంఘంలో ఒక పెద్ద ఉన్నారు. ఆయన డాక్టరు. ఏన్కూరు దాటి జూలూరుపాడు వైపు వెళ్లే దారిలో, అడవి మొదలయ్యేచోట ఆయనది చిన్న ఆసుపత్రి. పాముకాటు విరుగుడు మందు ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉండేది, తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉండేది. చుట్టుపక్కల ఊళ్లకు ఆయన తెలుసు. లోపలి గూడేలవాళ్లు, కూలికి వచ్చినవాళ్లు మాత్రం ఫోనులో పాముకాటు అని వెతికితే మంత్రాలు వేసేవాళ్లు, పసర్లు పోసేవాళ్లు పైన కనబడేవారు. "మన ఆసుపత్రిని వాళ్లకంటే పైకి తేగలవా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. దాన్ని నేను పని అనుకోలేదు, పరిచర్య అనుకున్నాను.

భద్రాచలం యాత్రికుల కోసం రాసే సైట్లకు రాశాను. పత్తి, మిరప రైతులు చదివే బ్లాగులకు వానాకాలం జాగ్రత్తల మీద వ్యాసాలిచ్చాను. ఊరి వారీగా ఆసుపత్రుల వివరాలు పెట్టే సైట్లలో ఒక్కొక్క గడీ నింపాను. ఆ సైట్లన్నీ మొబైలు నంబరు అడుగుతాయి, దానికి ఓటీపీ పంపుతాయి, అది కొట్టాకే పేరు ఎక్కించుకుంటాయి. ఆసుపత్రిలో ఉన్నది ల్యాండ్‌లైను. డాక్టరుగారేమో ఫోనును ఎక్కడ పడితే అక్కడ మరిచిపోయే మనిషి. కాబట్టి ప్రతిచోటా నా నంబరే ఇచ్చాను. అలా నా నంబరు ఆసుపత్రి నంబరైంది. ఎవరైనా చేస్తే నేను నర్సుకు చెప్పేదాన్ని, వాళ్లు చేరేసరికి అక్కడ అన్నీ సిద్ధంగా ఉండేవి.

పేజీ మెల్లగా పైకి జరిగి, ఒకరోజు మొదటి వరుసలో నిలబడింది. ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

డాక్టరుగారికి పక్షవాతం వచ్చింది ఎండాకాలం చివర్లో. ప్రాణం దక్కింది, మాట దక్కింది, కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రికి తాళం వేశారు. నర్సు ఖమ్మంలో పని చూసుకుంది. మిగిలిన మందును పాడవకముందే వేరే దవాఖానాకు పంపేశారు. నేను వాళ్లింటికి వెళ్లాను.

"సార్, మూసి ఉందని సైటులో రాద్దామా? జనం వచ్చి తిరిగిపోతారు."

ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు.

"సంఘమంతా ఈ చెయ్యి కోసం ప్రార్థన చేస్తోంది. నువ్వూ చేస్తున్నావు కదా?"

"చేస్తున్నాను సార్."

"నమ్మి చేస్తున్నావా?"

"నమ్మే సార్."

"మరి మూసేశామని లోకానికి రాస్తే ఆ ప్రార్థనను మనమే కొట్టేసినట్టు కాదా? వానలు ముదిరేలోపు తెరుస్తాను. కిందికి పోయిన పేరు మళ్లీ పైకి రావడం ఎంత కష్టమో నీకు తెలియదా?"

సైటును అలాగే వదిలేశాను. దేవుణ్ని అడిగినవాడు అనుమానపడకూడదని పిల్లలకు నేర్పేదాన్ని. ఆ చెయ్యి లేస్తుందని నిజంగానే నమ్మాను. కానీ ఇంటికి వచ్చే బస్సులో ఒక ప్రశ్న పట్టుకుంది. నాకున్న ఈ భయం విశ్వాసం లేకపోవడమా, లేక దేవుడు నాకు చెబుతున్న మాటా? అది తేల్చుకోలేక ఆ వానాకాలం సగం గడిచింది.

వానలతోపాటు ఫోన్లు వచ్చాయి. మూసి ఉంది, సర్కారు దవాఖానాకు పొండి అని చెప్పేదాన్ని. ఎక్కువమంది వినేవారు. స్నానానికి వెళ్లినా ఫోను బయట అత్తమ్మ చేతికిచ్చి వెళ్లేదాన్ని. ఫోను చేసినవాళ్లు ఒక ఎత్తు, చెయ్యకుండా నేరుగా బయల్దేరేవాళ్ల సంగతేమిటి? ఆసుపత్రి ఎదురుగా సైకిలు రిపేరు చేసే ఆయన ఒకసారి అన్నాడు, ఎవరిదో ఆటో గేటు ముందర ఆగి, హారను కొట్టి కొట్టి పోయిందని. అందులో ఎవరున్నారో, ఎటు పోయిందో ఆయనకు తెలియదు. ఆ ఆటో చాలాకాలం నా తలలో తిరిగింది. అన్నం ముందు కూర్చుంటే ఆ హారను వినబడేది.

పేరు అలాగే ఉంచి నా నంబరైనా తీసేయమని సైట్లవాళ్లకు రాశాను. కొందరు తీశారు, కొందరు పలకలేదు. ఇలాంటి సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి ఎత్తి రాసుకుంటాయి. నేనెప్పుడూ తెరవని సైట్లలో, ఊరి పేరు కూడా తప్పుగా రాసినచోట, నా నంబరు మాత్రం తప్పు లేకుండా ఉంది. నేను పిలవని సాక్షులు లేచి నా నంబరు చెబుతున్నారు. వాళ్లను కూర్చోబెట్టడం నా చేతిలో లేదు.

మా మందిరంలో ఒక కట్టుబాటుంది. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన ప్లాస్టిక్ ట్రే పెడతారు, ఫోన్లన్నీ అందులో వేసి లోపలికి రావాలి. నేను ఒక్కదాన్నే నా ఫోను కొంగులో దాచుకుని వెనకవరసలో, గుమ్మానికి దగ్గరగా కూర్చునేదాన్ని. పాస్టరుగారి భార్య, మేము అమ్మగారు అంటాము, ఒకసారి నవ్వుతూనే దెప్పింది. "దేవుని కంటె ముందుగాల మాట్లాడేటోళ్లు ఎవరున్నరమ్మా నీకు?" పక్కనున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను.

ఒక ఆదివారం సాక్ష్యాలు నడుస్తుండగా కొంగులో ఫోను వణికింది. బయటికి వచ్చి ఎత్తాను. మగ గొంతు. వెనక ఆటో చప్పుడు. ఒక ఆడమనిషి నాకు తెలియని గూడెం భాషలో ఏదో ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటోంది.

"దవాఖానానా? మా చెల్లెకు పాము కరిచింది. నాగుపాము. పత్తిల కలుపు తీస్తాంటే కాలు మీద కొట్టింది. జూలూరుపాడు దాటినం. గేటు తీసి పెట్టుండ్రి, వస్తున్నం."

"అన్నా, దవాఖానా మూసి ఉన్నది. ఈడ మందు లేదు. ఆటో వెనుకకు తిప్పుండ్రి. కొత్తగూడెం పెద్ద దవాఖానాకు పొండి."

"మూసుడేంది? ఫోన్ల ఇరవై నాలుగ్గంటలని ఉన్నది గద. అన్నిట్ల కంటె మీద మీదే ఉన్నది."

"అది పాతదన్నా."

"పైసలు లేవనుకుంటున్నరా? తెస్తం. పత్తి మీద అప్పు తెస్తం."

"పైసల ముచ్చట కాదన్నా, నా మాటిను."

"మేం గూడెపోళ్లమని గట్ల అంటున్నరు మేడం. మీరు గేటు తియ్యుండ్రి."

ఆటో ఆగలేదని చప్పుడే చెబుతోంది. క్షణక్షణం వాళ్లు మందుకు దూరమవుతున్నారు, తాళానికి దగ్గరవుతున్నారు. నేను అబద్ధమాడుతున్నానని అతను గట్టిగా నమ్మాడు. ఎందుకు నమ్మడు? నా లింకులన్నీ ఒకే మాట చెబుతుంటే, ఒక్క ఆడమనిషి ఫోనులో వేరే మాట చెబుతోంది.

లోపలికి వెళ్లాను. ఒకాయన తప్పిపోయిన బర్రె దొరికిన సాక్ష్యం చెబుతున్నాడు. మగవాళ్ల వైపు నుంచి, మధ్య దారిలో నేరుగా ముందుకు నడిచాను. మా మందిరంలో ఆడవాళ్లెవరూ అలా నడవరు. అమ్మగారు చేత్తో సైగ చేసింది, ఆగలేదు. ముందు కుర్చీలో ఉన్న డాక్టరుగారి ముందు వంగి, ఫోను స్పీకరులో పెట్టాను.

"సార్, పాముకాటు. మన ఆసుపత్రికి వస్తున్నారు. నా మాట నమ్మట్లేదు."

ఆయన నా మొహంలోకి ఒక్క చూపు చూశారు. ఎడమచేత్తో ఫోను అందుకున్నారు.

"డాక్టర్ని మాట్లాడుతున్న. ఆటో ఆపించు ముందు."

"మీరున్నరా సారూ, ఉన్నరా అయితే..."

"నేనున్న. నా చెయ్యి పడిపోయింది. మందు లేదు, సూది వేసే మనిషి లేడు. ఈడికొస్తే నీ చెల్లె నా గేటు ముందర పోతది. ఆపిండా?"

ఇంజను చప్పుడు తగ్గింది.

"ఆపిండు."

"వెనుకకు తిప్పమను. తిప్పుకుంటనే మాట్లాడు. కండ్లు తెరుస్తున్నదా?"

"రెప్పలు వాలుతున్నయ్ సారూ. మాట ముద్దగ వస్తున్నది."

"తాడు కట్టిండ్రా?"

"అవ్, గట్టిగ కట్టినం."

"ఇప్పుడు విప్పొద్దు. ఆడ డాక్టరు విప్పుతడు, ఆయనకు చెప్పు. కొయ్యొద్దు, నోటితోని పీల్చొద్దు. కాలుకు కడియం ఉంటే తియ్యి. పక్కకు పండబెట్టు, కాలు కదలనియ్యకు. దవాఖానాల దిగంగనే పాముకాటు, రెప్పలు వాలుతున్నయని గట్టిగ చెప్పు. పో, జల్దీ."

లైను తెగింది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు మెట్టు దిగి వచ్చారు. డాక్టరుగారు ఫోను నా చేతిలో పెట్టి, "ఇవాళ నా చెయ్యి సంగతి వద్దయ్యా. ఆ పిల్ల కోసం అడగండి" అన్నారు. పేరు తెలియని పిల్ల కోసం అందరం మోకరించాం. దారిలో రైలు గేటు పడకూడదు, ఆటో చెడిపోకూడదు అని మాత్రమే అనుకోగలిగాను.

ఆరాధన అయ్యాక ఆయనే పిలిచారు. "కంప్యూటరు తీసుకుని ఇంటికి రా."

వాళ్ల భోజనాల బల్ల మీద కూర్చుని పేజీ తెరిచాను. ఆయన చెబుతుంటే నేను కొట్టాను. ఇక్కడ పాము మందు లేదు. ఇక్కడికి రావద్దు. కొత్తగూడెం, ఖమ్మం, భద్రాచలం, ఎవరికి ఏది దగ్గరైతే ఆ సర్కారు దవాఖానాకు వెళ్లండి. కింద, దారిలో చెయ్యవలసినవీ చెయ్యకూడనివీ.

"అక్షరాలు పెద్దవి చెయ్యి. ఇంకా."

చేశాను.

"దీంతో పేరు కిందికి పోతుందా?"

"ఇప్పట్లో పోదు సార్. లింకులన్నీ అలాగే ఉన్నాయి. వెతికినవాళ్లకు ముందు కనబడేది ఇదే."

ఆయన తెర మీది అక్షరాలు మరోసారి చదివారు. వాళ్లావిడ టీ పెట్టి వెళ్లింది.

"దేవుడు చెయ్యి ఇచ్చిన రోజు దీన్ని మళ్లీ మార్చడం ఎంతసేపు పని?"

"ఇంతే సార్. కొద్దిసేపు."

"అయితే ఆయనకేం అడ్డం లేదులే" అని, టీ గ్లాసు ఎడమచేత్తో జాగ్రత్తగా ఎత్తారు.

ఇంటికి వచ్చాను. ఆ అన్న నంబరు ఫోనులో ఉంది. చెయ్యడానికి ధైర్యం లేదు. అత్తమ్మ బియ్యం చెరుగుతూ నన్నే చూస్తోంది.

"ఫోను చెయ్యరాదా బిడ్డా?"

"భయమైతాంది అత్తమ్మా."

"నువ్వు చెయ్యకుంటె అయ్యేది కాకపోతదా?"

చీకటి పడే ముందు అతనే చేశాడు.

"ఊపిరి మిషను పెట్టిండ్రు మేడం. మందు ఎక్కిస్తున్నరు. రేపటిదాకా చూడాలన్నరు." కొంచెం ఆగాడు. "మీరు ఏ దేవునికి మొక్కుతరో నాకు తెల్వది. మొక్కుండ్రి. మేం మా దిక్కు మొక్కినం."

మొక్కుతాను అన్నాను. ఆ మరుసటి రోజంతా ఫోను ఎదురుగా పెట్టుకుని ఏ పనీ చెయ్యలేదు. మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. సైట్లు ఒక్కొక్కటీ తెరిచి, జవాబియ్యని వాళ్లకు మళ్లీ రాస్తూ కూర్చున్నాను.

ఆ వారం చివర్లో అదే నంబరు నుంచి వచ్చింది. ఈసారి ఆడగొంతు, బొంగురుగా, ఒక్కొక్క మాట కూడదీసుకుంటూ.

"మేడం, నేనే. పాము కరిచినామెను."

"ఎట్లున్నవు చెల్లె?" అన్నాను.

"గొంతుల పైపు పెట్టిండ్రు గద, గందుకే గిట్ల వస్తున్నది మాట. మా అన్న మిమ్మల్ని తిట్టిండంట?"

"లేదు చెల్లె, తిట్టలే."

"తిట్టే ఉంటడు. ఆనికి నోరెక్కువ." వెనక ఆ అన్న ఏదో గొణిగాడు, ఆమె వాళ్ల భాషలో కసిరింది. తర్వాత నాతో, "ఆ దవాఖానాల మందు ఎప్పుడు పెడతరు మేడం? మాకు అదే దగ్గర" అంది.

"సారు చెయ్యి కోసం ప్రార్థన చేస్తున్నం చెల్లె" అన్నాను.

"చెయ్యుండ్రి" అంది. "పత్తి ఏరుడు అయ్యేదాక మేం చేన్లనే ఉంటం."