పడుకున్న గీత

నలభై ఏళ్లు నడుం వంచే బతికాడు మెర్వ్ హాలినన్. ఆస్ట్రేలియాలోని రివరీనా గొర్రెల షెడ్లలో రోజుకు నూట అరవై గొర్రెల ఉన్ని తీసి, సాయంత్రానికి బిగుసుకుపోయిన నడుముతో చెక్కల నేలమీద వెల్లకిలా పడిపోయేవాడు. ఆ నొప్పిని తిట్టని రోజు లేదు. అలాంటిది పదిరోజుల కిందట ఉన్నట్టుండి మాయమైంది. పీడ విరగడైందని మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

సోమవారం కొత్త షెడ్డు మొదలు. నడుం పరీక్షలో నెగ్గితేనే చోటిస్తానని కాంట్రాక్టరు తేల్చి చెప్పాడు. చోటు పోతే మెర్వ్‌కు వేరే పని రాదు, వేరే మనుషులూ లేరు.

కిందటేడు ఆ పరీక్షలో నెగ్గిన తోటి పనివాడు డగ్గీ టీ తాగుతూ గుట్టు విప్పాడు.

"నడుముకి వైర్లు అంటిస్తార్రా. కండలో కరెంటు తెరమీద గీతలా ఆడుద్ది. బాగా వంగినప్పుడు గీత పడుకోవాల. గంతులేసిందా, నీ పని అయిపోయినట్టే."

"పడుకుంటది లేరా. ఇప్పుడు నాది పసిపిల్లాడి నడుం."

"ముందు నీ కాలు చూసుకో ముసలోడా, రక్తం!"

ఎడమకాలి మెత్తటి చెప్పు తడిసి ఎర్రబడింది. ఉన్ని కత్తిరించే మిషను పళ్లు ఎప్పుడు దిగాయో మెర్వ్‌కు తెలియనే లేదు. గుడ్డ చుట్టి, నవ్వేసి, ఇంకో గొర్రెను లాక్కొచ్చాడు. ఆ పూటే ఎవరైనా వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపాల్సింది.

శుక్రవారం పట్నం క్లినిక్‌లో, పరీక్ష చేసే నోలీన్ అతని నడుముకు రెండువైపులా వైర్లు అంటించి వంగమంది. వంగాడు. రెండు గీతలూ పడుకున్నాయి. మెర్వ్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు మెల్లగా లేవండి."

లేచాడు. కుడి గీత దిగ్గున లేచింది. ఎడమది పడుకునే ఉంది.

నోలీన్ వైరు నొక్కి చూసింది. కొత్తది అంటించింది. చివరికి కుడివైపు వైరే తీసి ఎడమకు పెట్టి, మళ్లీ వంగి లేవమంది. గీత కదల్లేదు.

"నెగ్గినట్టేగా అమ్మాయ్? ఎంత బుద్ధిగా పడుకుందో చూడు!"

"వంగినప్పుడు పడుకోవాలండీ. లేచేటప్పుడు అదీ లేవాలి." ఆమె గొంతు తగ్గింది. "అలా కూర్చుని కళ్లు మూసుకోండి. ఎడమ పాదం ముట్టుకుంటాను. తగలగానే చెప్పండి."

మెర్వ్ కళ్లు మూసుకున్నాడు. కొత్త షెడ్డులో కిటికీ పక్క చోటు దొరికితే బాగుండుననుకుంటూ కాచుకున్నాడు. ఎంతకీ ఏమీ తగల్లేదు.

"ఏమ్మా, ఇంకా మొదలెట్టవా?" అని నవ్వుతూ కళ్లు తెరిచాడు.

నోలీన్ రెండు చేతులతో అతని పాదాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.