అత్త పిలవని మధ్యాహ్నం

ఈ రోజు మధ్యాహ్నం నా కథకు చివరి పేజీ రాయడానికి వెనక గది తలుపు మూసుకున్నాను. పిల్లలు బడికి వెళ్లారు. మా ఆయన తిరుత్తణి స్టేషన్లో డ్యూటీలో ఉన్నారు. వారంగా జ్వరంతో ఉన్న అత్త వసారాలో నిద్రపోతోంది. నెల రోజుల్లో నాకంటూ దొరికిన మొదటి గంట అది.

వంటింట్లో ఏదో పడిన చప్పుడైంది. పిల్లి అనుకుని ఆ వాక్యం పూర్తి చేశాను. ఇంకో రెండు కూడా రాశాను. తర్వాత వెళ్లి చూస్తే అత్త నేల మీద పడి ఉంది. కాలు కదపలేకపోతోంది.

"నన్ను పిలవకూడదా అత్తా?" అన్నాను.

"నువ్వు రాసుకుంటా ఉండావు గదమ్మా. నీళ్లే గదా, నేనే ముంచుకుందామని లేచినాను."

పక్కింటివాళ్ల సాయంతో జట్కాలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. తుంటి విరిగిందనీ, ఈ వయసులో ఇక నడవడం కష్టమనీ డాక్టరు చెప్పారు. మా ఆయన వచ్చి ఎట్లా పడిందని అడిగారు.

"కోడలు పక్కనే ఉండాది నాయనా. నాకే కాలు జారింది" అంది అత్త.

నేను కాదనలేదు.

ఆ రెండు వాక్యాలతో కథ మాత్రం పూర్తయింది. బాగా వచ్చిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీరైతే దాన్ని పత్రికకు పంపుతారా?