అంబలిని ఏ గడిలో రాశాను

ఆ శుక్రవారం మా ఆవిడ సులోచన కాళ్ళకు పసుపు రాసుకుంటూ, "ఇదేందండీ, మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయినాయి?" అంది. బొటనవేలితో ఆమె కాలిమీద నొక్కి చూశాను. పడిన గుంట చాలాసేపు పూడలేదు.

చిత్తూరులో రక్తపరీక్ష చేయిస్తే, ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఏడు దాటింది. తిరుపతికి పంపారు. అక్కడి నెఫ్రాలజిస్టు రిపోర్టులు రెండుసార్లు చూసి, "రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. డయాలిసిస్ మొదలుపెట్టాల్సిందే" అన్నారు. డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఎడమచేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. వారానికి మూడుసార్లు తిరుపతి బస్సు. రోజుకు ఒక లీటరుకు మించి నీళ్ళు తాగకూడదు, ఉప్పు బాగా తగ్గించాలి.

నేను పాల శీతలీకరణ కేంద్రం ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కొలవడం నాకు అలవాటు. డైరీలో గళ్ళు గీశాను: బీపీ, బరువు, నీళ్ళు, ఆహారం, యూరిన్. రోజూ పొద్దున్నే ఆమె తాగాల్సిన నీళ్ళు ఒక సీసాలో కొలిచి పోసేవాణ్ణి.

"పాలు కొలిచినట్టు నన్ను కొలస్తా ఉండారే! వెన్న శాతం గూడా రాసుకోండి" అని ఎగతాళి చేసేది.

మూడోనెలలో, మంచి ఎండల్లో, రెండు డయాలిసిస్‌ల మధ్య ఆమె బరువు మూడున్నర కిలోలు పెరిగింది. పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఎమర్జెన్సీలో చేర్చాం.

"ఫ్లూయిడ్ ఓవర్‌లోడ్. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నీళ్ళు ఎక్కువ తాగుతున్నారా అమ్మా?" అని డ్యూటీ డాక్టరు అడిగాడు.

"లేదు సార్. ఆయన పోసినవే తాగినాను."

నేను నమ్మలేదు. వార్డులో అందరూ వింటుండగా, "నిజం చెప్పు. నేను లేనప్పుడు వంటింట్లో తాగినావు కదా?" అన్నాను. ఆమె గోడవైపు తిరిగిపోయింది. ఆరోజు డైరీలో రాశాను: "మాట వినకుండా దొంగతనంగా నీళ్ళు తాగింది."

మరునాడు డైటీషియన్ నా డైరీ తిరగేసింది. "సార్, అంబలి ఆహారం గడిలో రాశారే? పొద్దున రెండు గ్లాసులు, సాయంత్రం ఒకటి. అందులో ఉండేది నీళ్ళే కదా! చారు, మజ్జిగ, అన్నీ ఆ లీటరులోకే వస్తాయి."

నీరసపడుతోందని ఆ అంబలి నా చేత్తో కాచి, వద్దంటున్నా తాగించింది నేనే. పక్కనే ఉండి ఆ మాట ఆమెతో చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక, "అంబలి వద్దన్నారు" అన్నాను. "సరే" అంది. అంతే.

ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. పోయిన ఏడాది డయాలిసిస్ జరుగుతుండగానే గుండె ఆగిపోయింది.

నెలమాసికం అయ్యాక మా అమ్మాయి, "నాయనా, అమ్మ గురించి నీకు గుర్తుండేదంతా రాయి. నా బిడ్డలు చదవాల" అంది. డైరీలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నీ అంకెలే. ఆమె గురించి నేను రాసిన వాక్యం ఒకే ఒక్కటి కనిపించింది. అదీ అబద్ధం. నేనింకా తన మీదే తప్పు మోపుతున్నానని అనుకుంటూనే పోయిందేమోనన్న దిగులుతో ఒక్క పేజీ ముందుకు సాగలేదు.

చివరికి నగరిలో ఉన్న ఆమె చెల్లెలు విజయ దగ్గరికి పోయి, జరిగింది చెప్పాను. విజయ నవ్వింది.

"అక్కకు అప్పుడే తెలుసు బావా. ఆ డైట్ మేడం అక్కకూ చెప్పింది. ఆరోజే నాకు ఫోన్ చేసి ఏమనిందో తెలుసునా? 'మీ బావ లెక్క తప్పినాడే. మొగం చిన్నబుచ్చుకొని తిరగతా ఉండాడు. నేను అడిగితే ఇంకా కుంగిపోతాడు, అడగను. ఉప్పు లేకపోయినా ఆయన కాసిన అంబలి బాగుండె' అనింది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావని సూసింది బావా."

ఇంటికి వచ్చి డైరీ తీశాను. రాసింది కొట్టేయడం నాకు అలవాటు లేదు. ఆ వాక్యం కింద, "ఆమె తాగలేదు. నేనే తాగించాను" అని రాసి తేదీ వేశాను. అప్పటినుంచి రాత సాగుతోంది. ఇప్పుడు రోజూ టిఫిన్ తర్వాత, గళ్ళులేని నోటుబుక్కులో ఒక పేజీ రాస్తున్నాను. ఆమె మాటలు ఎవరికి గుర్తుంటే వాళ్ళను అడిగి మరీ రాస్తున్నాను.

డయాలిసిస్ మనిషిని చూసుకునేవారికి ఒక మాట. గ్లాసులో పోసి ఇచ్చేది ఏదైనా సరే, నీళ్ళ గడిలోనే రాయండి. లెక్క తప్పిందని తెలిస్తే, ఆ రోజే మంచం పక్కన కూర్చుని, తప్పు నాదేనని చెప్పండి. వాళ్ళకు ముందే తెలిసి ఉండవచ్చు. అయినా మీ నోటినుంచి వినాలని ఎదురుచూస్తుంటారు.