నా పెన్షన్ కాగితాల్లో సుగుణ పేరు

నిన్న పొద్దున రాజమండ్రిలో, మాజీ సైనికుల పాలీక్లినిక్‌లో, నా గుండె మందుల కోసం లైన్లో నిలబడి ఉన్నాను.

నరసాపురం నుంచి పక్కింటి వెంకట్రావు గారు ఫోన్ చేశారు.

"బావగారూ, ఒకసారి బయల్దేరి వచ్చెయ్యండి."

"ఏంటండీ, ఏమైంది?"

"అక్కయ్యగారు పడిపోయారండి. హాస్పిటల్‌కి తీసుకొచ్చాం." ఆ వెంటనే, "మీరు వచ్చెయ్యండి సర్" అన్నారు.

ఆయన నన్నెప్పుడూ సర్ అనరు.

బస్సెక్కాను. పాలకొల్లు దాటాక ఫోన్ మళ్ళీ మోగింది. తీయలేదు.

నా భార్య సుగుణ ఇక లేదు.

గుండె జబ్బు నాది. పోయింది ఆమె.

మాకు పిల్లలు లేరు. నేను ఆమె కంటే బాగా పెద్ద. పైగా బైపాస్ అయినవాణ్ణి. ముందు పోయేది నేనేనని ఎప్పుడో ఖాయం చేసుకున్నాను.

సైనికుడు పోతే భార్యకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. వైద్యం ఆగదు. క్యాంటీన్ కార్డు ఉంటుంది. కానీ ఏదీ దానంతట అది ఇంటికి నడిచి రాదు. ఎక్కడ ఏం అడగాలో తెలియాలి.

సర్వీసులో నేను చూసిన పని ఆ కాగితాలే. తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళని చాలామందిని చూశాను.

సుగుణ అలా తిరగకూడదు. నా భయమంతా అదే.

అందుకని ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమెకి డ్రిల్ పెట్టేవాణ్ణి. ఆమె వరండాలో కూర్చుని లేసు అల్లుకుంటూ ఉండేది.

"సరే, నేను పోయాను. మొదట ఏం చేస్తావు?"

"మొదట ఏడుస్తానండి."

"అది కాదు. తరవాత?"

"తరవాత కూడా ఏడుస్తాను. బ్యాంకు ఎక్కడికి పోతుంది?"

"సుగుణా, సీరియస్‌గా అడుగుతున్నాను."

"నేనూ సీరియస్సే. ఇప్పుడేగా ప్రార్థన చేసుకుని వచ్చాం, అప్పుడే ఈ చావు కబుర్లేంటండీ? కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

చేతిలో సూది ఆగేది కాదు. ఒక్క ముక్క కూడా వినడం లేదనుకునేవాణ్ణి.

పోయిన ఏడాది మొగల్తూరులో మా బెటాలియన్‌లో నాయక్‌గా చేసిన ఒకాయన చనిపోయాడు. ఆయన భార్యకి సంతకం పెట్టడం తప్ప ఏమీ తెలియదు. నాకప్పుడు జ్వరం. లేవలేని స్థితి.

"నేను వెళ్తాను" అంది సుగుణ.

ఆ నాయక్ భార్య తరవాత నాతో చెప్పింది. "అమ్మగారు ముందు నన్ను ఏడవనిచ్చారండి. అన్నం కలిపి పెట్టారు. ఆ తరవాతే ఆటో ఎక్కించారు."

డెత్ సర్టిఫికెట్, పెన్షన్ ఆర్డర్ కాపీ, జాయింట్ అకౌంట్ పాస్‌బుక్. ముందు బ్యాంకు, తరవాత సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు. అన్నీ నేను చెప్పిన వరసలోనే.

బ్యాంకులో ఆఫీసరు అడిగారట, "మీరు ఈవిడకి ఏమవుతారండీ?" అని.

"ఏమీ కానండి. రేపు నేనూ రావాల్సిందే కదా, దారి చూసుకుంటున్నాను" అందట మా ఆవిడ.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ నాతో ఒక మాట అంది.

"మీ డ్రిల్లులో ఒకటి లేదండీ. పక్కన మనిషుండాలి. ఒక్కరే అయితే కాళ్ళు ముందుకు పడవు."

ఆ రోజుతో నా భయం పోయింది. నా వెనక ఈమె నిలబడగలదు అనుకున్నాను. ఏడాదిగా నేను హాయిగా నిద్రపోయింది ఆ ధైర్యంతోనే.

ఈ పొద్దున సమాధి చేశాం.

మధ్యాహ్నం నుంచి బెటాలియన్ మిత్రులు ఫోన్ చేస్తున్నారు. రికార్డుల్లో సుగుణ పేరు తీయించాలి, మీరు తిరగలేరు, మేం చూసుకుంటాం అంటున్నారు. మిత్రులారా, మీ మంచితనానికి కృతజ్ఞుణ్ణి.

ఆ పని ఎలా చేయాలో నాకు తెలుసు. నేనే చేస్తాను. ఇప్పుడే వద్దు.

నా తరవాత ఎవరు అన్న చోట ఒకే ఒక్క పేరు ఉంది. కొన్నాళ్ళు అలాగే ఉండనివ్వండి.

సుగుణా, నీ వెనక నేనేం చేయాలో మనం ఒక్క ఆదివారం కూడా మాట్లాడుకోలేదు.

వెళ్ళిరా. ప్రభువు దగ్గర నీకు ఏ దిగులూ లేని విశ్రాంతి దొరకాలి.