పడితే తగిలే చోట్లు

మా ఆయమ్మ పోయిందని ఆదివారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసింది. చర్చికి పోదామని చీర కట్టుకుంటూ, ఆయాసంగా ఉందని మంచం మీద కూర్చుందట. మళ్లీ లేవలేదు. "నిన్న కూడా బట్టలు ఉతికింది మేడం, బాగానే ఉన్నింది" అని ఆ పిల్ల ఏడుస్తోంది. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు ఒక ఆలోచన వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఇక కోర్టులో ఎవరు చెప్తారు? ఇదీ నాకు వచ్చిన ఆలోచన.

నెల్లూరు ఊరి బయట, మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్లు పగలంతా ఉండే చిన్న కేంద్రంలో నేను టీచర్ని. పిల్లలూ ఉంటారు, ముప్పై ఏళ్లవాళ్లూ ఉంటారు. వాళ్లకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం ఆయమ్మ పని. నాకంటే పదేళ్లు పెద్దది. అయినా నేను ఆమెను "నువ్వు" అనేదాన్ని, ఆమె నన్ను "మీరు" అనేది. పద్నాలుగేళ్లు కలిసి పనిచేసినా అందులో తప్పుందని నాకు తట్టలేదు.

ఎవరినైనా ముట్టుకునే ముందు అడిగేది. "బిడ్డా, మొకం కడిగేదా?" అని చెంబు పట్టుకొని నిలబడేది. అవతలి మనిషికి మాటలు రాకపోయినా సరే, తల ఊపేదాకానో, చూపు తిప్పేదాకానో ఆగేది. ఎంతసేపని ఆగుతావు, ఇంకా ఆరుగురున్నారు అని నేను కేకలేసేదాన్ని. "వాళ్ల ఒళ్లు కదమ్మా" అనేది.

పొద్దున వచ్చినవాళ్లందరి తలలూ మళ్లీ దువ్వేది. ఇళ్లల్లో నున్నగా దువ్వి పంపినా విప్పి, పాయ తీసి, చెవుల వెనక చూసి, మళ్లీ జడ వేసేది. పేలు చూస్తోందనుకునేదాన్ని. "నీకింకేం పని లేదా ఆయమ్మా?" అని అందరిముందూ ఎగతాళి చేసేదాన్ని. ఆమె చూసేది బొప్పులూ, గోటిగాట్లూ. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఆ అమ్మాయి గురించి చెప్పాలి. పేరు రాయను. ఇరవై రెండేళ్ల మనిషి, మేమందరం "పాప" అనేవాళ్లం. నాలుగైదు మాటలకు మించి రావు. తల్లీ తండ్రీ పోయాక అన్నావదినల దగ్గర ఉండేది. అన్నకు కొడవలూరు వైపు పొలాలున్నాయి, ఊళ్లో పెద్దమనిషి. పంట ఇంటికి రాగానే మా కేంద్రానికి బియ్యం పంపేవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మేడం, మీ ఓపికకు దండం పెట్టాల" అనేవాడు. ఆ మాట నాకు బాగా నచ్చేది.

ఒకరోజు ఆయమ్మ నన్ను స్నానాల గదిలోకి పిలిచింది. ఆ అమ్మాయి చేతికి చంక దగ్గర, లోపలివైపు, నాలుగు నల్లటి మచ్చలున్నాయి. సాయంత్రం అన్నను అడిగాను. "ఫిట్సొచ్చి పడింది మేడం, మేము చూసే లోపలే" అన్నాడు. నేను లోపలికి వచ్చి రోజువారీ రిజిస్టర్లో "ఇంట్లో ఫిట్స్ వచ్చి పడినందున దెబ్బలు" అని రాశాను. ఆయమ్మకు చదువు రాదు. ఏం రాశారో చదవమంది. చదివాను.

"పడితే మోకాలు పగులుతాది, గడ్డం పగులుతాది, మోచెయ్యి గీరుకుపోతాది. చంక కింద ఎట్టా తగులుతాదమ్మా? ఆడ తగలాలంటే ఎవురో చెయ్యెత్తి పట్టుకోవాల" అంది.

"నువ్వేమైనా డాక్టరువా?" అన్నాను.

ఈ మాట అన్నది నేనే. నోరు ఎక్కువ, ధైర్యం తక్కువ మనిషిని.

ఇంకో సంగతి చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు, అది మీ ఇష్టం. అంతకు కొన్ని నెలల ముందే నేను తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ విషయం మీదే క్లాసు చెప్పాను. ఇలాంటివాళ్లను ఎవరైనా హింసిస్తే వాళ్లు నోటితో చెప్పలేరు, ఒళ్లు చెప్తుంది, నడవడిక చెప్తుంది అన్నాను. పడితే తగలని చోట దెబ్బలు, ఒక మనిషిని చూస్తేనే బెదరడం, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, అన్నం ఎవరో లాక్కుంటారన్నట్టు మింగడం, ఇవన్నీ గమనించండి అన్నాను. అనుమానం వస్తే చాలు, రుజువు మీరు వెతకక్కర్లేదు, పోలీసులకు ఎవరైనా చెప్పొచ్చు అని కూడా అన్నాను. ఆ రోజు ఆయమ్మ గుమ్మంలో కూర్చుని బీన్స్ తుంచుతూ అంతా వింది.

మచ్చలు మూడోసారి కనబడ్డప్పుడు నా ముందుకొచ్చి నిలబడింది. "ఆ దినం మీరే చెప్తిరి కదమ్మా, అనుమానమొస్తే చాలని. నాకు వచ్చుండాది."

"పెద్దింటి వ్యవహారం. రేపు ఆ పిల్లను మాన్పించేస్తే? ఇక్కడ గడిపే ఆ పగటిపూట కూడా లేకుండా పోతుంది" అన్నాను. అందులో నిజం లేకపోలేదు. బియ్యం, కమిటీ, నా ఉద్యోగం, ఆ "మేడం" అనే పిలుపు, మిగతా నిజం వీటిలో ఉంది. ఆయమ్మ "మీరు చదువుకున్నోళ్లు, ఆలోచన ఎక్కువ వస్తాది" అని వెళ్లిపోయింది. వెటకారం కాదు. నిజంగానే అలా అనుకుంది.

అప్పటికే సాయంత్రం అన్న బండి చప్పుడు వినగానే ఆ అమ్మాయి వరండా స్తంభాన్ని వాటేసుకునేది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, "మంచి పాపవు కదా" అని బుజ్జగించి బండి ఎక్కించింది ఎవరనుకున్నారు? రోజూ నేనే. ఆయమ్మ ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. ఆ వేళకు గిన్నెలు తోముతూ ఉండేది.

ఒక మంగళవారం సెలవు పెట్టింది. ఎందుకని అడిగితే "పనుండాది" అంది. ఒక్కతే పోలీస్ స్టేషన్‌కు పోయింది. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారట. ఆ పిల్లకు నువ్వేమవుతావని అడిగితే, "ఏమీ కాను సార్. నీళ్లు పోసేదాన్ని. ఆ బిడ్డ ఒళ్లు దినామూ చూసేది నేనే" అన్నదట. ఆ సాయంత్రమే ఒక మహిళా పోలీసు ఆ ఇంటికి వెళ్లింది. వెనక గదిలో కిటికీ ఊచకు చీర పేలికలు కట్టి ఉన్నాయి, రెండో కొసన ఆ అమ్మాయి ఉంది. ఆసుపత్రిలో చూపించాక ఆమెను వెంకటాచలం దగ్గర ఆడవాళ్ల వసతిగృహంలో చేర్చారు. అన్న మీద కేసు పెట్టారు. వారం తిరక్కుండా బెయిలు మీద వచ్చాడు.

బియ్యం ఆగిపోయాయి. కమిటీవాళ్లు ఆయమ్మను రెండు నెలలు పనిలోకి రావద్దన్నారు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. టీ తాగాను.

తిరిగి వచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. ఆదివారాలు చర్చి అయ్యాక బస్సెక్కి వెంకటాచలం పోయి ఆ అమ్మాయిని చూసి వస్తోందని ఇతరుల నోట విన్నాను. రమ్మని నన్ను పిలవలేదు, నేనూ వస్తానని అనలేదు.

కృష్ణపట్నం రోడ్డు పక్కన వాళ్ల ఊరి సమాధుల తోటలో ఆమెను పూడ్చిపెట్టారు. ఊరంతా వచ్చింది. అన్న కూడా వచ్చాడు, పూలమాల తెచ్చాడు. మట్టి వేసి వస్తుంటే నా పక్కన చేరి, ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు. "పాపం, మంచిది. పొరబాటు పడింది, అంతే. మీరేం కష్టపడొద్దు మేడం. రిజిస్టర్లో రాసిందే చెప్పండి, చాలు."

చేతులు జోడించాడు. అలవాటుగా నా చేతులూ లేచాయి.

రెండు రోజులు అన్నం సయించలేదు. బుధవారం స్టేషన్‌కు వెళ్లి, రిజిస్టర్లో ఉన్నది నేను చూసింది కాదు, అతను చెప్పింది అని చెప్పాను. చూసింది చూసినట్టు మచ్చలతో సహా రాసిచ్చాను. "మరి అప్పుడెందుకట్టా రాసినారు?" అని ఎస్సై అడిగాడు. "భయపడి" అన్నాను. అదీ రాసుకున్నాడు. ఆయమ్మను అడిగినట్టు నన్ను ఏమవుతావని ఎవరూ అడగలేదు, కుర్చీ వేశారు.

అక్కణ్ణించి బస్సెక్కి వెంకటాచలం వెళ్లాను. చెప్పానని ఆ అమ్మాయికి చెప్పాలనిపించింది. ఆమె వరండాలో కూర్చొని మరమరాలు తింటోంది. ఒళ్లు చేసింది. నన్ను చూసింది, గుర్తుపట్టింది. గిన్నె చంకన పెట్టుకొని, వెనక్కి వెనక్కి నడుస్తూ తన గదిలోకి పోయి తలుపు మూసింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

"ఏమనుకోవద్దు మేడం" అంది అక్కడి వార్డెన్. "ఆ తలుపుకి గడియ బయటిపక్కే ఉన్నింది. ఆయమ్మే వడ్రంగిని తోడు తెచ్చి తీయించి లోపలిపక్క బిగించి పోయింది. ఆ బిడ్డకు ఇష్టమైతేనే తీస్తాది."

కూర్చోమని కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు. తలుపవతల మరమరాలు నములుతున్న చప్పుడు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా వినబడుతోంది.