చిల్లు పడే చుక్క

కోర్టు వరండాలో మూడో స్తంభం పక్కన టైపు అక్క బల్ల వేసుకుని ఇరవై రెండేళ్లయింది. అర్జీ రాయించుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, టకటక వినపడే వైపు నడిస్తే చాలు. చుట్టూ అందరూ కంప్యూటర్లకు మారినా ఆవిడ మారలేదు. "కరెంటు పోతే వాటి నోరు పడిపోతుంది. నా మిషన్‌కి ఆ రోగం లేదు" అనేది.

దాన్ని ఆవిడకు అమ్మింది అందరూ బాబాయి అని పిలిచే ఆయన. టైపు మిషన్ల బాగుచేతలో చెయ్యి తిరిగిన మనిషి. "ఇది ఆ పెద్ద రచయితగారిదమ్మా. రెండు వేళ్లతోనే పన్నెండు నవలలు కొట్టారు. కొత్తది కొనుక్కుని ఇది నాకిచ్చేశారు" అని అమ్మేటప్పుడే చెప్పాడు.

"ఎవరిదైతే నాకేం బాబాయ్, అక్షరం తిన్నగా పడుతుందా లేదా?" అంది అక్క.

పడేది. చుక్కతోనే పేచీ. వాక్యం చివర చుక్క కొడితే కాగితానికి సూదితో పొడిచినట్టు చిల్లు పడేది. ఆకురాయితో కాస్త అరగదీస్తానన్నాడు బాబాయి. అక్క ఒప్పుకోలేదు. అర్జీలో మధ్య కాగితం ఎవరైనా మార్చేస్తే, ఆ కాగితానికి చిల్లులుండవు కాబట్టి వెలుతురుకు ఎత్తి చూడగానే మోసం బయటపడేది. గుమాస్తాలకు కూడా ఆ చిల్లులు అలవాటైపోయాయి.

చివరికి కొంప ముంచబోయినవీ అవే. రచయిత పేరున కట్టిన స్మారక భవనం కార్యదర్శి ఏదో దావా పనిమీద కోర్టుకొచ్చి, గుమాస్తా చేతిలోని అర్జీని కిటికీ వెలుతురులో చూశాడు. తమ బీరువాలో దాచిన నవలల టైపు ప్రతుల్లోనూ అచ్చం ఇవే చిల్లులు. రొప్పుకుంటూ మూడో స్తంభం దగ్గరికొచ్చి పడ్డాడు.

"అమ్మా, ఇది ఇక్కడుండాల్సిన వస్తువు కాదు. అద్దాలపెట్టెలో పెడతాం. మీకు కొత్త కంప్యూటర్ ఇస్తాం."

"అద్దాలపెట్టెలో ఏం చేస్తుందండీ?"

"జనం వచ్చి చూస్తారు."

"జనం ఇక్కడికీ వస్తున్నారుగా. ఎనిమిది మంది ఉన్నారు. మీరు తొమ్మిదోవారు, కూర్చోండి."

కార్యదర్శికి ఒళ్లు మండింది. పలుకుబడి ఉన్న మనిషి. వారం తిరక్కుండా కోర్టు ఆఫీసు నుంచి అక్కకు నోటీసొచ్చింది: బల్ల రాకపోకలకు అడ్డంగా ఉంది, సోమవారంలోగా తీసేయాలి.

అక్క భయపడింది. ఆ చోటు పోతే నోటిదగ్గర కూడు పోయినట్టే. భయం ఎంతోసేపు నిలవలేదు, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి తన కోసం కాగితం ఎక్కించింది. ఏ అర్జీ ఎలా మొదలెట్టాలో చేతికి కంఠతా వచ్చు. తన పేరు దగ్గర మాత్రం వేళ్లు కాస్త తడబడ్డాయి.

సోమవారం నోటీసు పంపిన అధికారి గదికి ఆవిడ వెళ్లేసరికి కార్యదర్శి కుర్చీలో కూర్చునే ఉన్నాడు. "చూడండి సార్, ఇది ఆ మహానుభావుడి చుక్క!" అన్నాడు.

అధికారి అక్క అర్జీని వెలుతురుకు ఎత్తి చూశాడు. "నిజమే. ఇచ్చేయడానికి మీకేం అభ్యంతరమమ్మా?"

"ఆయనంటే నాకూ గౌరవమేనండి. కానీ ఆయనే వద్దని దీన్ని వదిలేశారు. నేను వదల్లేదు. ఆయన చుక్క పెడితే కథ అయిపోయేది. నేను చుక్క పెడితే బయట నిలబడ్డవాళ్ల పని మొదలవుతుంది. మిషన్ మీద ఆశైతే ఆశ అని రాయండి, అడ్డమని రాస్తారేం? ఎంత అడ్డమో ఎవరైనా కొలిచారా?"

అధికారి గుమాస్తా వైపు చూశాడు. ఎవరూ కొలవలేదు.

టేపు తెప్పించి అప్పటికప్పుడే కొలిపించారు. బల్లకు అవతల నలుగురు పక్కపక్కన నడిచేంత జాగా ఉంది. అధికారి అక్క అర్జీ మీదా, ఆవిడ దగ్గరున్న ప్రతి మీదా "బల్ల అక్కడే ఉండవచ్చు" అని రాసి సంతకం చేశాడు.

అక్క తిరిగొచ్చి మిషన్ మూత తీసి, వెంటవచ్చిన కార్యదర్శి చేతిలో పెట్టింది. "దీనిమీద ఆయన టీ గ్లాసు మరకుంది. మీ పెట్టెలోకి ఇది చాలు."

తర్వాత తన ప్రతిని మరోసారి చదువుకుంది. అధికారి తొందరలో వాక్యం చివర చుక్క పెట్టలేదు. అక్క కాగితం మిషన్‌కెక్కించి, సరిగ్గా ఆ చోటు చూసుకుని, కార్యదర్శి చూస్తుండగానే ఆ చుక్క తను కొట్టింది.